మిస్ కేరళ ఎక్కడ పుట్టిందో అడగండి

వెండి రంగు ఒళ్లు, మూతి నుంచి కంటి మీదుగా నడుం దాకా సాగే ఎర్ర గీత, దాని కిందే తోక వరకు నల్ల గీత, తోక రెక్కల మీద పసుపు, నలుపు పట్టీలు. ‘మిస్ కేరళ’ పేరుతో అమ్మే డెనిసన్ బార్బ్‌లు పదీ పన్నెండు కలిసి ఒకేసారి పక్కకు మళ్లితే ఆ ఎర్ర గీతలన్నీ ఒక్కసారే మళ్లుతాయి. ఆక్వేరియం పెట్టుకునేవారు దీని మీద మోజుపడటంలో వింతేమీ లేదు. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే పరిగెలకు ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే పరిగెల్లా ఎక్కడపడితే అక్కడ పుట్టదు. కేరళలోనూ, దాన్ని ఆనుకున్న కర్ణాటకలోనూ పడమటి కనుమల నుంచి దిగే కొన్ని ఏరుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చింది. అలాంటి చేపను ఇంట్లో పెంచుకోవచ్చా? హేచరీలో పుట్టినదైతే పెంచుకోవచ్చు. ఏటిలో పట్టి తెచ్చినదైతే మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనకూడదు, అమ్మకూడదు.

ఈ చేపను 1865లో ఫ్రాన్సిస్ డే కేరళలోని ముండక్కయంలో దొరికిన నమూనాల ఆధారంగా శాస్త్రలోకానికి పరిచయం చేసి, అప్పటి మద్రాసు గవర్నర్ విలియం డెనిసన్ పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లు దాటినా బయటివాళ్లకు దీని సంగతి పెద్దగా పట్టలేదు. 1997లో సింగపూర్ అలంకార చేపల ప్రదర్శనలో బహుమతి వచ్చాకే గిరాకీ ఎగబాకింది. 2005 నుంచి 2012 వరకు మన దేశం నుంచి జరిగిన ఎగుమతుల లెక్కలను పరిశోధకుడు రాజీవ్ రాఘవన్, ఆయన సహచరులు తిరగేస్తే, ముప్పున్న 30 జాతులకు చెందిన మంచినీటి చేపలు 15 లక్షలకు పైగా విదేశాలకు వెళ్లినట్టు తేలింది. వాటిలో ఎర్ర గీతల బార్బ్‌లది పెద్ద వాటా. గుంపుగా తిరగడం ఈ చేపకు వేటచేపల నుంచి రక్షణ; అన్నీ కలిసి కదులుతుంటే దేన్ని పట్టాలో వేటచేపకు తోచదు. వల దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది. ఒక మడుగులోని గుంపును చుట్టేస్తే అక్కడ మిగిలేవి ఏ కొన్నో. ఈ ఏట్లో పోతే పక్క ఏట్లో ఉన్నాయి కదా అనుకోవడానికీ వీల్లేదు. ఒక్కో నదిలోని చేపలు జన్యుపరంగా వేరువేరు వంశాలుగా విడిపోయి ఉన్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక వంశం పోతే పక్క నది నుంచి తెచ్చి వదిలినంత మాత్రాన అది తిరిగి రాదు.

మరి ప్రభుత్వం ఏం చేసింది? 2008లో కేరళ మత్స్యశాఖ ఈ చేప వేట మీద ఆంక్షలు పెట్టింది. జూన్, జులై, అక్టోబరు నెలల్లో పట్టకూడదన్నది వాటిలో ఒకటి. ఈ చేప గుడ్లు పెట్టే కాలమేమో అక్టోబరు నుంచి మార్చి వరకు. అంటే నిషేధం ఉన్న రోజుల్లో ఎక్కువ భాగం చేపకు దాని అవసరం లేకపోయింది; అవసరమైన చలికాలమంతా వలకు అడ్డు లేకపోయింది. నెలలు సవరించినా అసలు చిక్కు తీరదు. కొండ వాగుల వెంట రాత్రీ పగలూ కాపలా పెట్టడం ఎవరి తరం? చేప ఆక్సిజన్ సంచీలోకి ఎక్కాక ఎప్పుడు పట్టారో, ఎక్కడ పట్టారో చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే అదుపు ఏటి గట్టున కాదు, అమ్మకం దగ్గర ఉండాలి.

హేచరీ చేపలతోనే గిరాకీ తీర్చడం జరిగే పనేనా అంటే, జరిగే పనే. కొచ్చి దగ్గరి పణంగాడ్ ఫిషరీస్ కళాశాలలో హార్మోన్ ఇంజెక్షన్‌తో ఈ చేప చేత గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచారు. ఇండోనేషియా ఫారాల్లోనూ పెంచి అమ్ముతున్నారు. శ్రీలంక చెర్రీ బార్బ్ కథ మన కళ్ల ముందే ఉంది. అడవి వాగుల్లో పుట్టే ఆ ఎర్ర చేపను ఒకప్పుడు విపరీతంగా పట్టి ఎగుమతి చేశారు. ఇప్పుడు ప్రపంచమంతా షాపుల్లో కనిపించేవి దాదాపు అన్నీ ఫారాల్లో పుట్టినవే. పెంచుకునేవారి ముచ్చటా తీరింది, వాగు మీద భారమూ తగ్గింది.

హేచరీ చేపే కొన్నా సగం బాధ్యతే తీరినట్టు. షాపుల్లో ‘జోడీ’ లెక్కన అమ్మడం ఈ జాతికి చేసే పెద్ద అన్యాయం. 2010లో బ్రిటన్ పరిశోధకులు టైగర్ బార్బ్‌తో సహా నాలుగు రకాల చేపలను ఒకటి, రెండు, అయిదు, పది చొప్పున ఉంచి గమనించారు. గుంపు పెరిగేకొద్దీ బార్బ్‌లు కలిసి ఈదే సమయం పెరిగింది. డెనిసన్ బార్బ్‌కు కనీసం ఆరు తోడుండాలి. పెద్దయితే ఆరంగుళాల దాకా పెరుగుతుంది కాబట్టి నాలుగడుగులకు తక్కువ తొట్టె చాలదు. మూత లేకపోతే ఎగిరి కింద పడుతుంది. అది పుట్టింది చల్లగా, గలగల పారే నీళ్లలో. మన మే నెలలో కరెంటు పోయి, ఫిల్టర్ ఆగి, నీళ్లు వేడెక్కితే ముందు ఊపిరాడనిది దీనికే. చచ్చిన చేప స్థానంలో కొన్న ప్రతి చేపా గిరాకీని ఇంకొంచెం పెంచుతుంది. చిన్న తొట్టె ఉన్నవారికి రెండంగుళాలకు మించని చెర్రీ బార్బ్‌ల గుంపు ఎంతో నయం.

వల మానేస్తే ఏటి గట్టున బతికేవాళ్ల కడుపు కొట్టినట్టే కదా అన్న ప్రశ్నను తేలిగ్గా తోసేయలేం. అయితే చేప తరిగిపోతే ముందు పస్తులుండేదీ వాళ్లే. పెరటి హేచరీలకు తల్లిచేపలను, శిక్షణను, కొనుగోలు హామీని ఇవ్వాల్సింది ముందుగా వాళ్లకే. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. బ్రెజిల్‌లో రియో నీగ్రో తీరాన కార్డినల్ టెట్రాలను ఏటిలో పట్టి అమ్ముకుంటూనే, ఆ రాబడి కోసం అక్కడివాళ్లు అడవిని కాపాడుకుంటున్నారని చెబుతారు. అక్కడ ఆ మాట నిజమే. కానీ అవి వరద ముంచే అడవుల్లో కోట్ల సంఖ్యలో పుట్టే చేపలు, వాటి ఆయుష్షూ తక్కువే. నాలుగు వాగుల్లో మిగిలిన చేపకు ఆ లెక్క అతకదు. ఇసుక తవ్వకాలు, ఆనకట్టలు, తోటల పురుగుమందులు వల కన్నా ఎక్కువ నష్టం చేస్తున్నాయనే వాదనా ఉంది. అన్ని దెబ్బలు తింటున్న చేప మీద వల కూడా వేయవచ్చనడానికి అది కారణం ఎలా అవుతుంది?

ఇక మిగిలింది నమ్మకం. షాపతను ‘ఫారం చేపే’ అంటే సరిపోతుందా? సరిపోదు. హేచరీ నుంచి హోల్‌సేల్ వ్యాపారికి, అక్కడి నుంచి షాపుకు ప్రతి సరుకుతోపాటు పుట్టుక రాసిన బిల్లు నడవాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా అలంకార చేపలకు హరిత ధ్రువీకరణ మార్గదర్శకాలు ఇదివరకే రూపొందించింది. ఆ పద్ధతిని ఎగుమతులకే వదిలేయకుండా హైదరాబాద్, విజయవాడ షాపుల దాకా తేవాలి. అంతవరకు కొనేవారు ఆ బిల్లు చూపమని అడగాలి. లేదంటే ఆ చేప ఏటిదేనని లెక్కగట్టి షాపు బయటకు రావాలి.