పిట్స్‌బర్గు బూర

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ ఘంటసాల, బాలమురళి, సుశీల గార్ల చుట్టూనే తిరిగాను. ఈసారి ట్రంపెట్ ఊదే ఒక నల్లజాతి అమెరికన్ గురించి రాస్తానంటే మా ఆవిడ “మన పత్రికలో ఎవరు చదువుతారండీ?” అంది. చదివేవాళ్ళు చదువుతారు. పైగా ఆయన మనకి బొత్తిగా పరాయివాడేం కాదు. ఏడాదికోసారైనా పిల్లల్ని కారెక్కించుకుని వెంకటేశ్వరస్వామి దర్శనానికి వెళతామే, ఆ పిట్స్‌బర్గు ఆయన పుట్టిన ఊరు. పేరు రాయ్ ఎల్డ్రిడ్జ్. 1911 జనవరి 30న పుట్టాడు. మనిషి పొట్టి. అందుకే తోటివాళ్ళు ‘లిటిల్ జాజ్’ అని పిలిచేవారు.

ఆయన పేరు నాకు తెలిసింది మా అబ్బాయి వల్ల. వాడు ఆరో క్లాసులో ఉండగా స్కూలు బ్యాండులో చేరి అద్దె ట్రంపెట్ ఒకటి ఇంటికి తెచ్చాడు. “శుభ్రంగా వయొలిన్ నేర్చుకోక ఈ బూరేమిట్రా?” అన్నాను. మూడేళ్ళు బేస్‌మెంటు తలుపు మూసుకుని ఊదాడు. వేళ్ళు బాగా తిరిగాయి. మొన్న హైస్కూలు జాజ్ బ్యాండు ఎంపికకి వెళ్ళి, తెలిసినదంతా ఒక్క గుక్కలో వాయించేసి వచ్చాడు. చోటు దొరకలేదు. “వేళ్ళు బాగా పరిగెడుతున్నాయి, కానీ నువ్వేం చెబుతున్నావో నాకు తెలియలేదు” అన్నారట బ్యాండు మాస్టారు. వాడు ఇంటికొచ్చి ట్రంపెట్ పెట్టె క్లాజెట్‌లో పడేశాడు.

నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంతోషమే అయింది. “పోనీలే నాన్నా, చదువుకోడానికి టైము దొరుకుతుంది” అన్నాను. ఆ మాట అని ఉండకూడదు. రెండు రోజులు వాడు నాతో మాట్లాడలేదు.

బట్టలు వాషర్‌లో వేస్తుంటే వాడి జీన్స్ జేబులో ఒక చీటీ దొరికింది. దాని మీద మాస్టారి చేతిరాతలో ‘రాయ్ ఎల్డ్రిడ్జ్’ అని ఒక్క పేరు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను.

ముందు విన్నది 1937లో షికాగోలో రికార్డు చేసిన ‘ఆఫ్టర్ యు హావ్ గాన్’. అప్పటి 78 రికార్డులో ఒక వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలు. ఆ కాస్తలోనే మనిషి కొండ మీదికి గుర్రాన్ని తోలినట్టు వాయిస్తాడు. మధ్యమధ్య బ్యాండంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ ఖాళీలో ఇతనొక్కడే ఎక్కడెక్కడికో పోయి, సరిగ్గా దెబ్బ పడే వేళకి ఇల్లు చేరతాడు. మన కచేరీల్లో సమం మీదికి వచ్చి పడ్డప్పుడు చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేస్తుందే, అలాగే వేసింది నాది.

ట్రంపెట్ వాయించే పిల్లలకి ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ వాద్యానికి ఉన్నవి మూడే మీటలు. మిగతా పనంతా పెదవులదీ ఊపిరిదీ. మీటలు బోలెడున్న శాక్సఫోన్‌తో పరిగెత్తినంత సులువుగా దీంతో పరిగెత్తలేం. ఎల్డ్రిడ్జ్ కుర్రతనంలో తోటి ట్రంపెట్ వాళ్ళని కాక, కోల్మన్ హాకిన్స్ అనే శాక్సఫోన్ విద్వాంసుణ్ణి పట్టుకున్నాడు. ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు 1926లో ఇచ్చిన ‘స్టాంపీడ్’ రికార్డులో హాకిన్స్ వాయించిన భాగాన్ని విని విని, స్వరం పొల్లుపోకుండా ట్రంపెట్ మీదికి దించేశాడు. అది వాయించి చూపించే ఒక ఉద్యోగం సంపాదించాడు.

కానీ న్యూయార్కు చేరాక పెద్దవాళ్ళు పెదవి విరిచారట. వేగం ఉంది గానీ కథ లేదన్నారట. మా వాడి మాస్టారు అన్నదీ అదేగా! 1932లో హార్లెంలోని లాఫయెట్ థియేటర్లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయిస్తుంటే విన్నాకనే తన కళ్ళు తెరుచుకున్నాయని తర్వాత ఎల్డ్రిడ్జే చెప్పుకున్నాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వినేవాణ్ణి వెంట తీసుకుపోవడం ఎలాగో అక్కడ తెలిసింది. అప్పటికి ఆయనకి ఇరవయ్యొకటి.

ఆ నేర్చుకున్నది వినాలంటే 1941లో జీన్ క్రూపా బ్యాండుతో చేసిన ‘రాకింగ్ చెయిర్’ వినండి. కుర్చీలోంచి లేవలేని ముసలితనం గురించిన పాట అది. ఇందులో పాడేవాళ్ళు లేరు, ట్రంపెటే పాడుతుంది. చౌకంగా నడుస్తూనే ఉన్నట్టుండి పైకి లేస్తుంది. పై స్థాయిలో గొంతు జీరబోయినట్టు ఒక గరగర వినిపిస్తుంది. నున్నగా పలికించడం చేతకాక కాదు. ఆ జీరే ఆయన సంతకం. 1938లో చూ బెర్రీతో చేసిన ‘బాడీ అండ్ సోల్’ కూడా బాగుంటుంది. శాక్సఫోన్ నెమ్మదిగా పాడి తప్పుకోగానే ఇతను కాలం రెట్టించి దూసుకొస్తాడు. కానీ నా ఓటు ‘రాకింగ్ చెయిర్’కే.

క్రూపాది తెల్లవాళ్ళ బ్యాండు. అందులో ఒక నల్లవాడు మిగతావాళ్ళతో సమానంగా కూర్చుని వాయించడం ఆ రోజుల్లో అరుదు. తర్వాత ఆర్టీ షా బ్యాండులో ఉండగా ఒకచోట హాలు ముందు బోర్డు మీద ఎల్డ్రిడ్జ్ పేరు వెలుగుతోంది, గుమ్మం దగ్గర మాత్రం ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఇది తెల్లవాళ్ళ డాన్సు అన్నారు. చివరికి లోపలికి వెళ్ళి, ఏడుపు ఆపుకుంటూ వాయించానని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 1950లో బెన్నీ గుడ్‌మన్‌తో యూరప్ వెళ్ళినవాడు పారిస్‌లో కొన్నాళ్ళు ఉండిపోయాడంటే ఆశ్చర్యమేముంది? తిరిగొచ్చాక డెబ్బైల్లో న్యూయార్కులోని జిమ్మీ రయాన్స్‌లో ఏళ్ళ తరబడి వాయించాడు. 1980లో ఆరోగ్యం దెబ్బతిని ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. 1989 ఫిబ్రవరిలో, భార్య పోయిన మూడు వారాలకే, తనూ పోయాడు.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో కొలంబస్ నుంచి పిట్స్‌బర్గు బయల్దేరాం. మూడు గంటల డ్రైవు. ఓ గంట అన్నమయ్య కీర్తనలు అయ్యాక ఏమీ చెప్పకుండా ‘రాకింగ్ చెయిర్’ పెట్టాను. వెనక సీట్లో వాడు చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీశాడు.

“ఇది నీకెలా తెలుసు?”

“నీ జేబులో దొరికింది” అన్నాను. ఆ తర్వాత, “ఆ రోజు నేనన్న మాట తప్పురా” అని కూడా అన్నాను. వాడేం అనలేదు. కాసేపటికి, “మళ్ళీ పెట్టు, డాడీ” అన్నాడు.

దర్శనం అయింది, క్యాంటీన్లో పులిహోర తిన్నాం. వాడు ఫోనులో ఏదో వెతికి, ఎల్డ్రిడ్జ్ పుట్టింది నది అవతల నార్త్‌సైడ్‌లోనట, వెళ్దామా అన్నాడు. “అక్కడ చూడ్డానికేముందిరా?” అంది వాళ్ళమ్మ. నిజమే, ఏ ఇల్లో మాకు తెలీదు. అయినా వంతెన దాటి నాలుగు వీధులు తిరిగాం. వాడు అద్దం దించి కూర్చున్నాడు. చలి.

ఇంటికొచ్చిన మర్నాడు క్లాజెట్ తలుపు తీసి ఉంది. బేస్‌మెంట్లోంచి ‘రాకింగ్ చెయిర్’ మొదటి ముక్క వినిపించింది, చాలా నెమ్మదిగా, రెండుచోట్ల తప్పుగా. లెక్కల హోంవర్కు అయిందా అని అడగబోయి ఊరుకున్నాను.