రూ.3 లక్షల వీఆర్ హెడ్‌సెట్.. నిజామాబాద్‌లో కొంటే పనికొస్తుందా? లెక్క చూస్తే ఇదీ సంగతి!

కళ్లకు కట్టుకుంటే చాలు.. గదిలో కూర్చునే క్రికెట్ స్టేడియంలోకి, సముద్రం అడుగుకి వెళ్లిపోవచ్చు. వీఆర్ హెడ్‌సెట్ల రీల్స్ చూసినవాళ్లకు ఒక్కసారైనా మనసు పడకుండా ఉండదు. మరి వేలు, లక్షలు పోసి కొనాలా? వద్దా?

నిజామాబాద్ జిల్లాలో ఈ ప్రశ్నకు ఇంకో కోణం ఉంది. ఇక్కడ చాలా ఊళ్లలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఇండియాలో దొరకని వస్తువేదైనా దుబాయ్‌లో ఉన్న అన్నకో, బావకో ఒక వాట్సాప్ మెసేజ్ పెడితే వచ్చేస్తుందన్న ధీమా. టేప్‌రికార్డర్ల కాలం నుంచీ ఉన్న అలవాటే ఇది. యాపిల్ విజన్ ప్రో యూఏఈలో 2024 నవంబర్ నుంచి అమ్ముతున్నారు. ఇండియాలో మాత్రం యాపిల్ దాన్ని అధికారికంగా విడుదల చేయలేదు. దీంతో "అన్నా, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అనే మాట నోటిదాకా వస్తుంది. ఆ మెసేజ్ పెట్టే ముందు ఈ లెక్క చూడాల్సిందే.

విజన్ ప్రో అమెరికా ధర 3,499 డాలర్లు. డాలర్ రూ.85 చొప్పున వేసుకున్నా దాదాపు రూ.2.97 లక్షలు. బోధన్ వైపు రైతుకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే.. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన చెరకు ధర క్వింటాల్‌కు రూ.355, అదీ 10.25 శాతం రికవరీ ఉంటే. అంటే టన్నుకు రూ.3,550. ఒక్క హెడ్‌సెట్‌కు 84 టన్నుల చెరకు! ఎకరాకు 35 టన్నుల దిగుబడి వస్తుందనుకుంటే దాదాపు రెండున్నర ఎకరాల పంట. విత్తనం, ఎరువు, కోత కూలీ ఇవేవీ తీసేయకుండానే. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక చెరకును దూరంగా ఉన్న మిల్లులకు తోలాల్సి వస్తోంది కాబట్టి ఆ రవాణా భారం వేరే.

సరే, యాపిల్ అంటే ఖరీదే. తక్కువలో లేవా అంటే ఉన్నాయి. మెటా కంపెనీ క్వెస్ట్ 3 హెడ్‌సెట్ 2023 అక్టోబర్‌లో 499 డాలర్లకు, క్వెస్ట్ 3ఎస్ 2024 అక్టోబర్‌లో 299 డాలర్లకు వచ్చాయి. మన డబ్బుల్లో సుమారు రూ.42 వేలు, రూ.25 వేలు. ఇండియాలో ఆన్‌లైన్‌లో కనిపించే వీటి ధర చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే అవి ఎవరో దిగుమతి చేసి అమ్ముతున్నవి. సోనీ పీఎస్ వీఆర్2 మాత్రం మన దేశంలో అధికారికంగానే రూ.57,999కి వచ్చింది. కానీ దానిపై ప్లేస్టేషన్ గేమ్స్ ఆడాలంటే పీఎస్5 కన్సోల్ ఉండాలి. అది మరో రూ.50 వేల మాట.

బయటి దేశం నుంచి తెప్పించిన వస్తువుకు అసలు చిక్కు కొన్నాక మొదలవుతుంది. లెన్స్‌పై గీత పడ్డా, కంట్రోలర్ పనిచేయకపోయినా నిజామాబాద్ బస్టాండ్ చుట్టుపక్కల సెల్‌ఫోన్ రిపేర్ దుకాణాల్లో బాగుచేసే పని కాదు. 175 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ వెళ్లినా, అధికారికంగా అమ్మని వస్తువుకు సర్వీస్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. కొన్న దేశానికే తిప్పి పంపాల్సి రావచ్చు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ డ్యూటీ సంగతి సరేసరి. పరిమితి దాటిన విలువకు పన్ను కట్టాల్సిందే. కళ్లద్దాలు ఉన్నవాళ్లకు ఇంకో ఖర్చు: విజన్ ప్రో పెట్టుకుంటే మామూలు కళ్లద్దాలు కుదరవు, పవర్ లెన్స్‌లకు అమెరికాలో మరో 149 డాలర్లు.

ఇంత పెట్టి కొన్నాక చూసేదేంటి? చాలామంది కొనాలనుకునేది పెద్ద తెరపై సినిమా, క్రికెట్ కోసమే. ఇక్కడే ఆశ ఒకటి, వాస్తవం ఒకటి.

2024లో వచ్చిన విజన్ ప్రో బరువు 600 గ్రాములకు పైనే. బ్యాటరీ వేరుగా వైరుకు వేలాడుతూ జేబులో ఉంటుంది. వీడియో చూస్తే రెండున్నర గంటలు వస్తుందని కంపెనీయే చెప్పింది. ట్రిపుల్ ఆర్ సినిమా నిడివి 3 గంటలు దాటుతుంది కాబట్టి క్లైమాక్స్‌కు ముందే ఛార్జర్ వెతుక్కోవాలి. 2025 అక్టోబర్‌లో వచ్చిన కొత్త ఎం5 మోడల్‌లో వీడియో సమయం 3 గంటలకు పెరిగింది, కానీ బరువు కూడా ముప్పావు కిలోకు చేరింది. ముప్పావు కిలో మొహానికి కట్టుకుని మూడు గంటలు కూర్చోవడం అంటే మాటలు కాదు. పైగా ఇంట్లో నలుగురుంటే చూసేది ఒక్కరే. మిగతా ముగ్గురూ ఆయన చేతులు గాల్లో ఊపడం చూస్తూ కూర్చోవాలి!

తల తిరగడం మరో సమస్య. కళ్లు 'పరిగెత్తుతున్నాం' అంటాయి, చెవి లోపల ఉండే బ్యాలెన్స్ వ్యవస్థ 'కుర్చీలోనే ఉన్నాం' అంటుంది. ఈ రెండింటికీ పొసగక కొందరికి వికారం వస్తుంది. బస్సులో పుస్తకం చదివితే కడుపులో తిప్పినట్టే. అందరికీ రాదు, కానీ ఎవరికి వస్తుందో పెట్టుకుని చూస్తే గానీ తెలియదు. అందుకే కొనేముందు మాల్‌లోనో, ఎగ్జిబిషన్‌లోనో కనీసం అరగంట ఆడి చూడాలి. పిల్లల విషయంలో కంపెనీలే గీత గీశాయి. యాపిల్ 13 ఏళ్లు నిండాలంటోంది. మెటా 10 నుంచి 12 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రుల అకౌంట్ కిందే అనుమతిస్తోంది.

తెలుగులో కంటెంట్ సంగతికొస్తే.. ప్రయత్నం జరగలేదని కాదు. బాహుబలి టీమ్ ఏఎండీ కంపెనీతో కలిసి 'ద స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అనే వీఆర్ అనుభవాన్ని తయారుచేసింది, అది కూడా 2017 నాటి మాట. 2023 ఐపీఎల్ సమయంలో జియో రూ.1,299కే జియోడైవ్ తెచ్చింది. ఫోన్‌ను అందులో పెట్టుకుని మ్యాచ్‌ను 360 డిగ్రీల్లో చూడొచ్చు. ఐడియా బాగుంది, ధర ఇంకా బాగుంది. అయితే అరచేతిలో పదునుగా కనిపించే ఫోన్ స్క్రీన్‌ను లెన్స్‌తో కంటికి అంటించి పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఫోన్ వేడెక్కుతుంది. గూగుల్ కూడా 2014లో అట్టపెట్టె హెడ్‌సెట్ కార్డ్‌బోర్డ్‌తో మొదలుపెట్టి, 2019లో డేడ్రీమ్‌ను, 2021లో కార్డ్‌బోర్డ్ అమ్మకాన్నీ ఆపేసింది.

కంపెనీలకు కూడా ఇది లాభాల పంటేం కాదు. 2014లో ఓక్యులస్‌ను సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్న ఫేస్‌బుక్.. ఇప్పటి మెటా.. వీఆర్ చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగంలో ఒక్క 2024లోనే 1,770 కోట్ల డాలర్లు నష్టపోయింది. దాదాపు లక్షన్నర కోట్ల రూపాయలు! మైక్రోసాఫ్ట్ 2024లో హోలోలెన్స్ 2 తయారీ ఆపేసింది. త్రీడీ టీవీలు గుర్తున్నాయా? కళ్లద్దాలతో సహా కొన్నవాళ్ల ఇళ్లలో ఇప్పటికీ టీవీ ఉంది, కళ్లద్దాలు ఎక్కడున్నాయో తెలియదు. 2017 నాటికి పెద్ద కంపెనీలన్నీ వాటికి మంగళం పాడేశాయి.

అలాగని వీఆర్ మొత్తం దండగ అనడం కూడా తప్పే. ధర కంటే ముఖ్యమైనది అది ఎన్ని గంటలు వాడతారన్నది. రూ.42 వేల హెడ్‌సెట్‌ను ఇంట్లో వారానికి 2 గంటలు వాడితే ఏడాదికి వంద గంటలు. గంటకు రూ.420 పడ్డట్టు. అదే హెడ్‌సెట్ ఒక ట్రైనింగ్ సెంటర్‌లో రోజుకు 5 గంటలు, ఏడాదిలో 200 రోజులు తిరిగితే వెయ్యి గంటలు. అప్పుడు గంటకు రూ.42. వస్తువు ఒకటే, లెక్క పదింతలు మారిపోయింది. అమెరికాలో వాల్‌మార్ట్ 2018లో ఉద్యోగుల శిక్షణకు 17 వేల హెడ్‌సెట్లు తెప్పించింది ఈ లెక్కతోనే.

నిజామాబాద్‌కు నిజంగా పనికొచ్చే మాట ఇదే. గల్ఫ్‌కు పోయే కుర్రాడు వెల్డింగ్, క్రేన్, ఎలక్ట్రికల్ పని రాకుండా పోతే అక్కడ లేబర్ జీతమే. వెల్డింగ్ రాడ్లు, కరెంటు కాల్చకుండా, కళ్లు పోగొట్టుకోకుండా చేయి తిరిగేదాకా ప్రాక్టీస్ చేయించే వీఆర్ సిమ్యులేటర్లు ప్రపంచంలో చాలాకాలంగా ఉన్నాయి. చివరకు అసలు మంట ముందు నిలబడక తప్పదు గానీ, మొదటి వంద తప్పులు అక్కడే అయిపోతాయి. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి రూ.2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. 2013లో మొదలైన నిజామాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఒక్కో హెడ్‌సెట్‌ను నలభై మంది పంచుకునే చోట్లు ఇవి.

మరి సొంతంగా ఎవరు కొనొచ్చు? ఇప్పటికే పీఎస్5 ఉండి, గేమ్స్ మీద పిచ్చి ఉన్నవాళ్లు కొనొచ్చు. వీఆర్ యాప్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్న బీటెక్ విద్యార్థికి క్వెస్ట్ 3ఎస్ స్థాయిది సరిపోతుంది. అది కూడా మొదటి రోజే అక్కర్లేదు. యూనిటీ సాఫ్ట్‌వేర్ పర్సనల్ వెర్షన్ ఉచితం, మెటా ఇచ్చే సిమ్యులేటర్‌తో హెడ్‌సెట్ లేకుండానే ప్రోగ్రామ్ టెస్ట్ చేసుకోవచ్చు. మూడు నెలలు అలా పనిచేశాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు డబ్బులు పెట్టొచ్చు. ఈఎంఐలో మాత్రం వద్దు, వాయిదాలు పూర్తయ్యేలోపు కొత్త మోడల్ వచ్చేస్తుంది.

సినిమా కోసమే అయితే ఆగడం మేలు. 2025 అక్టోబర్‌లో శాంసంగ్ గెలాక్సీ ఎక్స్‌ఆర్ అమెరికాలో 1,799 డాలర్లకు దిగింది, అంటే విజన్ ప్రో ధరలో దాదాపు సగం. అదే ఏడాది మేలో రేబాన్ మెటా స్మార్ట్ గ్లాసెస్ ఇండియాలోకి రూ.29,900 నుంచి అధికారికంగానే వచ్చాయి. వాటిలో సినిమా తెర లేదు గానీ కంపెనీల చూపు బరువైన హెడ్‌సెట్ నుంచి తేలికైన కళ్లద్దాల వైపు మళ్లుతోందని తెలుస్తోంది. ఈలోగా దుబాయ్ అన్నకు పెట్టాల్సిన మెసేజ్ ఏదైనా ఉంటే అది ఒకటే: అక్కడి మాల్‌లో డెమో ఇస్తారు, ఓ అరగంట పెట్టుకుని చూసి ఎలా ఉందో చెప్పమనాలి.