వంశవృక్షంలో లేని కొమ్మ

మన ప్రబంధాల అవతారికలలో కృతిపతి వంశవర్ణన సంప్రదాయం. అందులో తాత దాత, తండ్రి ధీరుడు, తల్లి సాధ్వి. లోపమన్నది కానరాదు. నేడు కుటుంబచరిత్ర వ్రాసుకొనేవారిలో పలువురు ఆ బాటనే నడుస్తున్నారు. నాకది సమ్మతం కాదు.

లూయీ కాన్ అమెరికాలో పేరెన్నికగన్న వాస్తుశిల్పి. యేల్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాలలో ఆచార్యుడు. ఢాకాలోని పార్లమెంటు భవనం ఆయన రూపకల్పనయే. 1974లో అహమ్మదాబాదు నుండి తిరిగి వెళుతూ న్యూయార్కు రైల్వేస్టేషనులో కన్నుమూశాడు. పత్రికలోని మరణవార్త భార్యను, ఒక కుమార్తెను మాత్రమే పేర్కొన్నది. వివాహబంధానికి వెలుపల ఆయనకు మరొక కుమార్తె, ఒక కుమారుడు ఉన్నారు. ఆ కుమారుడు నథానియెల్‌కు అప్పటికి 11 ఏళ్ళు.

పెద్దవాడైన పిదప అతడు తండ్రి కట్టడాలను దర్శించి, తండ్రినెరిగినవారిని, తన తల్లిని, తోబుట్టువులను ప్రశ్నించి, 2003లో ‘మై ఆర్కిటెక్ట్’ అనే చిత్రం వెలువరించాడు. అందులో తండ్రి ప్రతిభ తరగలేదు. ఆ ప్రతిభ చాటున తల్లులు, పిల్లలు పడిన వేదన మరుగుపడలేదు. నా దృష్టిలో వంశచరిత్ర అంటే అదే.

మన వంశవృక్షాలలో అనేకం ఆడపడుచుల పేర్లనే విడిచివేస్తాయి. ఇక లోకానికి చెప్పని బంధాల మాటేమిటి? పెద్దల గౌరవం కోసమని కొందరిని లేనివారిగా చేయడం న్యాయమా? విజ్ఞులు తమ అభిప్రాయం తెలుపగలరు.