1946 వాడా, 1981 వాడా, 2023 వాడా? ముందు రౌండ్లెన్నో చెప్పండి

షుగర్ రే రాబిన్సన్ ఇవాళ ఉంటే ఫ్లాయిడ్ మేవెదర్ని ఆరో రౌండ్లోనే పడుకోబెట్టేవాడట. కాదు కాదు, టెరెన్స్ క్రాఫర్డ్ ముందు రాబిన్సన్ నిలబడలేడట. బాక్సింగ్ చూసేవాళ్ళు నలుగురు చేరితే చాలు, ఈ ఊహా పోటీ మొదలవుతుంది. వెల్టర్ వెయిట్ దగ్గర ఈ గోల మరీ ఎక్కువ. హెవీ వెయిట్‌లో అయితే "అప్పటివాళ్ళు సైజులో చిన్న" అని ఒక సాకు ఉంటుంది. ఇక్కడ అదీ లేదు కదా! 1938లో అయినా, 2023లో అయినా పరిమితి 147 పౌండ్లే (దాదాపు 66.7 కిలోలు). కాబట్టి పోలిక న్యాయంగానే ఉందని ఒక భ్రమ.

ఊహించుకోండి, ఎవరొద్దన్నారు? నా గొడవల్లా షరతులు చెప్పకుండా తీర్పులిచ్చే వాళ్ళతోనే. ఎన్ని రౌండ్లు? బరువు ఎప్పుడు తూస్తారు? ఈ రెండూ చెప్పకుండా "ఫలానా వాడే గెలుస్తాడు, రాసిపెట్టుకో" అనే మనిషిని చూస్తే నాకు, ఇన్‌పుట్ అడక్కుండానే ఆన్సర్ ప్రింట్ చేసే ప్రోగ్రాం గుర్తొస్తుంది.

ఊహలదాకా ఎందుకు, నిజంగా జరిగిన ఫైటే తీసుకుందాం. 1981 సెప్టెంబర్ 16, లాస్ వేగాస్. ఒక వైపు షుగర్ రే లెనార్డ్, ఇంకో వైపు థామస్ హెర్న్స్. ఇద్దరూ వెల్టర్ వెయిట్ ఛాంపియన్లే, ఎవడి బెల్టు వాడిది. లెనార్డ్ ఎడమ కన్ను వాచిపోయింది. పన్నెండో రౌండ్ అయ్యాక ఫైటు చేజారిపోతోందని మూలలో ఏంజెలో డండీ చేత చివాట్లు తిన్నాడు. పదమూడులో విజృంభించాడు, పద్నాలుగులో హెర్న్స్‌ని తాళ్ళకి నొక్కి కొడుతుంటే రిఫరీ ఆపేశాడు. లెనార్డ్ విజేత, చరిత్ర, శిలాశాసనం.

కానీ ఆపే సమయానికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ హెర్న్సే ముందున్నాడు. అది 15 రౌండ్ల పోటీ. ఇవాళ్టి టైటిల్ ఫైట్లు 12 రౌండ్లు. అంటే అవే ఇద్దరు మనుషులు, అదే రాత్రి, అవే దెబ్బలు... రూలు ఒక్కటి మారిస్తే విజేత హెర్న్స్! "పన్నెండే అని తెలిస్తే లెనార్డ్ ముందే దూకేవాడు" అంటారా? దూకేవాడేమో. నేననేదీ అదే. రూలు మారితే ఆటే మారిపోతుంది, ఆడే మనిషి బుర్ర కూడా మారిపోతుంది. టైమ్ మెషీన్ అక్కర్లేని ఇలాంటి పోటీకే జవాబు రూలు మీద ఆధారపడుంటే, 1946 వాడికీ 2023 వాడికీ మధ్య తీర్పు అంత ధీమాగా ఎలా చెప్తారు స్వామీ?

ఇంకోటి చూడండి. 1980 జూన్‌లో మాంట్రియల్‌లో రోబెర్తో దురాన్ లెనార్డ్‌ని పాయింట్ల మీద ఓడించాడు. అదే ఏడాది నవంబర్‌లో న్యూ ఆర్లియన్స్‌లో, ఎనిమిదో రౌండ్లో నా వల్ల కాదని దురానే వెనక్కి తిరిగాడు. మధ్యలో గడిచింది అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో దురాన్ విందుల్లో మునిగి, ఒళ్ళు పెంచి, మళ్ళీ హడావిడిగా తగ్గించుకున్నాడు. జూన్‌లో ఎదురు నిలబడి కొట్లాడిన లెనార్డ్, నవంబర్‌లో కాళ్ళు కదిపి ఏడిపించాడు. మరి "1980 దురాన్, 1980 లెనార్డ్‌ల్లో ఎవరు గెలుస్తారు?" అంటే ఏం చెప్తారు? ఏ నెల అని అడగాలి. మనవాళ్ళేమో ఏకంగా దశాబ్దాలు దాటించేస్తారు.

ఇక బరువు సంగతి. "147 అంటే 147" అన్నంత మోసం ఇంకోటి లేదు. పాతరోజుల్లో ఫైటు రోజునే తూకం. ఇప్పుడు ముందురోజు. తూకం దిగగానే నీళ్ళూ తిండీ పట్టించి, మర్నాటికి పది పౌండ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పెరిగి రింగులోకి వస్తారు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1938లో బార్నీ రాస్ మీద గెలిచి వెల్టర్ ఛాంపియన్ అయినప్పుడు తూగింది 134 పౌండ్లు కూడా లేదు. ఆయన్ని ఇవాళ్టి వెల్టర్ ముందు నిలబెడితే అది ఊహా పోటీ ఎలా అవుతుంది? దౌర్జన్యం అవుతుంది. లేదూ, ఇవాళ్టి వాణ్ణి 1938 తక్కెడ ఎక్కించి అదే రోజు కొట్లాడమంటే, ఒంట్లో నీళ్ళింకిపోయిన మనిషి వస్తాడు. ఏ తక్కెడో మీరే చెప్పండి.

ఇక్కడే "అప్పటివాళ్ళు ఉక్కు మనుషులండీ" బృందం లేస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ 1939 అక్టోబర్ ఒక్క నెలలోనే టైటిల్ అయిదుసార్లు నిలబెట్టుకున్నాడు, ఇప్పటివాళ్ళు ఏడాదికి ఒకటి ఆడటానికే ఏడుస్తారు అని. ఆర్మ్‌స్ట్రాంగ్ గొప్పతనం గురించి నాకూ రెండో మాట లేదు. కానీ ఆ ఉక్కు లెక్కలో ఒక కాలమ్ ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తారు. 1947 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో రాబిన్సన్ తన వెల్టర్ టైటిల్ మొదటిసారి నిలబెట్టుకున్నాడు. ఎదుటివాడు జిమ్మీ డోయల్. ఎనిమిదో రౌండ్లో పడ్డాడు, మర్నాడు చనిపోయాడు. 1962 మార్చి 24న న్యూయార్క్‌లో, టీవీలో జనమంతా చూస్తుండగా, ఎమిల్ గ్రిఫిత్ చేతిలో బెన్నీ పరేట్ పన్నెండో రౌండ్లో మూలకి ఇరుక్కుపోయాడు. పది రోజులకి ఆసుపత్రిలో పోయాడు. ఆయన అప్పటి వెల్టర్ ఛాంపియన్. అంతకు ముందు డిసెంబర్లోనే జీన్ ఫుల్మర్ చేతిలో చావుదెబ్బలు తిని నాకౌట్ అయినవాడు, నాలుగు నెలలు తిరక్కుండానే మళ్ళీ రింగెక్కాడు. "తరచుగా ఆడేవాళ్ళు" అని మురిసిపోయే దాంట్లో ఇదీ ఉంది మరి.

15 రౌండ్లు పోయింది కూడా ఎవరో సుఖానికి మరిగి కాదు. 1982 నవంబర్‌లో రే మాన్సీనీతో లైట్ వెయిట్ టైటిల్ ఫైట్‌లో పద్నాలుగో రౌండ్లో పడిన కొరియన్ కుర్రాడు కిమ్ డుక్ కూ కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తర్వాత వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ 12కి తగ్గించింది, మిగతావాళ్ళు ఆ దశాబ్దం ముగిసేలోపు దారికొచ్చారు. (12 చేస్తే చావులు ఆగిపోయాయా? లేదు. పరేట్ పడింది పన్నెండులోనే, డోయల్ ఎనిమిదిలో.) కానీ "అసలైన పరీక్ష 15 రౌండ్లండీ, మనవాణ్ణి అక్కడికి తీసుకెళ్తే తెలుస్తుంది" అని తేలిగ్గా అనేవాడికి, ఆ పదమూడూ పద్నాలుగూ పదిహేనూ ఎందుకు తీసేశారో గుర్తుండాలి కదా.

మా కంప్యూటర్ల వాళ్ళ పాపం కూడా ఇందులో ఉంది. 1967లో అమెరికాలో ముర్రే వోరోనర్ అనే రేడియో నిర్మాత, బాక్సర్ల లక్షణాలని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి తినిపించి, పాత కొత్త హెవీ వెయిట్‌లకి పోటీలు పెట్టాడు. జిమ్ జెఫ్రీస్ చేతిలో అలీ ఓడిపోయాడని వచ్చింది! అలీ పది లక్షల డాలర్లకి దావా వేశాడు. చివరికి రాజీ పడి, 1969లో రిటైరైపోయిన రాకీ మార్సియానోతో కలిసి ఉత్తుత్తి ఫైటు సినిమా తీశాడు. 1970లో థియేటర్లలో వేస్తే, అమెరికా జనానికి మార్సియానో గెలిచాడు. యూరప్‌లో చూపించిన ఇంకో కాపీలో అలీ గెలిచాడు. కంప్యూటర్ చెప్పిందట! :) ఎవరి అంకెలు ఎవరు వేశారో అడగాలి ముందు. పైగా ఒక్కసారి నడిపిన సిమ్యులేషన్ ఫలితాన్ని తీర్పు అంటే మా ఆఫీసులో ఎవడూ ఊరుకోడు. వెయ్యిసార్లు నడిపి, ఎన్నిసార్లు ఎవరు గెలిచారో చెప్పాలి. నిజం ఫైటు కూడా అలా ఒక్కసారి నడిచిందే, మాంట్రియలూ న్యూ ఆర్లియన్సూ చూశాం కదా.

ఇంకో బాధ ఏంటంటే, ఈ ఊహలతో కడుపు నింపుకోవడం అలవాటైతే ప్రమోటర్లకి పండగ. మేవెదర్, పకియావ్ ఒకే కాలంలో, ఒకే బరువులో ఉన్న మనుషులు. 2009-10లో రక్త పరీక్షల గొడవతో బేరం చెడింది. కుదిరేసరికి 2015 మే అయింది, ఒకరికి 38, ఇంకొకరికి 36. బతికున్నవాళ్ళ పోటీని అయిదేళ్ళు ఊహాపోటీ చేసి, చివర్లో పాచిపోయాక వడ్డించారు. జనం అప్పుడు కూడా డబ్బులిచ్చి చూశారనుకోండి.

"ఇంత వాగావు, నీ పందెం ఎవరి మీద?" అంటారు. చెప్తా, షరతులతో సహా. 12 రౌండ్లు, ముందురోజు తూకం అయితే 1981 హెర్న్స్, ఎదుట ఎవరున్నా సరే. ఆరడుగుల ఒక అంగుళం పొడుగుండి 147 తూగిన మనిషి. ఒక రాత్రి తిండీ నీళ్ళూ ఇచ్చి పంపితే ఎలా ఉంటాడో ఆలోచించుకోండి. 15 రౌండ్లు, అదే రోజు తూకం అయితే 1981 లెనార్డ్. రాబిన్సన్ మీద మాత్రం కాయను. ఆయన తక్కువవాడని కాదు, ఆయన వెల్టర్‌గా ఆడినప్పటి ఫిల్ములు దొరికేవే చాలా తక్కువ. మనం చూసేవన్నీ దాదాపుగా ఆ తర్వాత, మిడిల్ వెయిట్‌గా ఆడినవి. "లేదు, నేను చూశాను, ఆయనకి సాటి లేరు" అనేవాళ్ళు ఏ ఫైటో, ఏ ఏడాదిదో, ఎవరి మీదో చెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం.