ఏ రాయైనా ఒకటి కాదట!

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అన్నారు మన పెద్దలు. ఆ పెద్దలెవరూ ఆరోగ్య బీమా పాలసీ చదివి ఉండరు. చదివి ఉంటే ఆ సామెతను తక్షణం ఉపసంహరించుకునేవారు. బీమా కంపెనీ దృష్టిలో రాయికీ రాయికీ బోలెడంత తేడా ఉంది. అదెలాగో మా బంధువర్గంలోని మూడు నోళ్ళ సాక్షిగా మనవి చేస్తాను.

మొదటి నోరు సూర్యాపేటలో, మా అమ్మది. నిరుడు దవడ పన్ను పుచ్చి, నొప్పి చెవి దాకా పాకి, మూడు రాత్రులు ఆవిడకు కునుకు లేదు. రూట్ కెనాలూ, పైన తొడుగూ కలిపి తొమ్మిది వేలయింది. పదకొండేళ్ళుగా ప్రీమియం కడుతున్నానన్న ధీమాతో బిల్లులు పంపాను. "అవుట్ పేషెంటు దంతచికిత్స, వర్తించదు" అని ఏకవాక్య తీర్పు వచ్చింది.

రెండవ నోరు కోదాడలో, మా బాబాయి కొడుకుది. హైవే మీద బండి జారి ముందుపళ్ళు రెండు విరిగాయి, దవడ ఎముక చిట్లింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అదే రకం పాలసీ, అయినా డబ్బు వచ్చింది. వాడి పళ్ళకు తగిలింది ప్రమాదమనే రాయి, పైగా మంచమెక్కాడు. మా అమ్మ నిద్ర లేకుండా కూర్చుంది గనుక అనర్హురాలయింది!

మూడవ నోరు మిర్యాలగూడలో, మా మేనమామ కూతురిది. ఆ పిల్ల బాల్యం మర్రిగూడ వైపు పల్లెలో, బోరు నీళ్ళతో గడిచింది. తరువాత మామయ్య సాగర్ ఎడమ కాలువ కిందికి వచ్చి స్థిరపడ్డా ఆలస్యమే అయింది. శాశ్వత దంతాల పింగాణీ పొర చాలావరకు ఎనిమిదేళ్ళ లోపే రూపుదిద్దుకుంటుంది. ఆ వయసులో తాగిన ఫ్లోరైడు వేసిన గోధుమరంగు చారలు ఆ తరువాత నీళ్ళు మారినా పోవు. ఈనాటికీ అరచెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఆమె నవ్వదు. చికిత్స సంగతి అడిగితే కంపెనీ చెప్పిన మాట "సౌందర్య చికిత్స".

సౌందర్యమట! 1937లోనే పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఈ వ్యాధిని గుర్తించారు. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతటా "నల్గొండ టెక్నిక్" అనే పేరు స్థిరపడింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంత చరిత్ర ఉన్న విషం చేసిన గాయం, పెళ్ళికూతురి అలంకరణతో సమానమా?

బీమా వారి వాదన నాకు తెలియనిది కాదు. బీమా అనుకోని ఆపదకే గాని, అందరికీ వచ్చే పంటినొప్పికి కాదంటారు. పళ్ళు తోముకోని వాడి ఖర్చు తోముకునేవాడు ఎందుకు మోయాలంటారు. పుచ్చుపళ్ళ విషయంలో ఆ మాటలో కొంత న్యాయముందని ఒప్పుకుంటాను. కానీ ఆరేళ్ళ పిల్ల ఏ నిర్లక్ష్యం చేసిందని? ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బోరింగు నీళ్ళు తాగడమా?

ఇక "డెంటల్ కవర్" అన్న అక్షరాలు చూసి మురిసిపోయే మిత్రులకు నాలుగు మాటలు. ఒకటి, అది అవుట్ పేషెంటు చికిత్సకు వర్తిస్తుందా, ఆసుపత్రిలో చేరితేనేనా అని అడగండి. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో జబ్బు వల్ల అవసరమైన దంతచికిత్స కూడా ఉంది. అయితే అది ఆసుపత్రి ఖర్చుల పద్దు కిందే. రెండు, లెక్క వేయండి. అదనపు ప్రీమియం 3 వేలు, ఏడాది పరిమితి 5 వేలు అనుకుంటే, మీకు దక్కే గరిష్ఠ లాభం 2 వేలే. అమెరికాలో మా తమ్ముడికి వైద్యబీమా వేరు, పళ్ళ బీమా వేరు. దానికీ ఏటా ఓ పరిమితి ఉంది, పెద్ద పని పడితే సగం ఖర్చు వాడిదే. మూడు, మీ ఊరి దంతవైద్యుడు వారి జాబితాలో ఉన్నాడా, లేక పన్ను పట్టుకుని హైదరాబాదు బస్సెక్కాలా? నాలుగు, అది బీమాయేనా, రాయితీ కార్డా? బీమా పథకానికి యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉండి తీరాలి. 2024 నుండి పాలసీ సారాంశ పత్రాన్ని కొత్త నమూనాలో ఇస్తున్నారు, దాన్ని తెలుగులో ఇమ్మని అడగండి. నచ్చకపోతే 30 రోజుల్లో తిప్పికొట్టవచ్చు.

2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం పన్ను ఎత్తేశారు. సంతోషం. పాలసీ మీద పన్ను పోయింది, పాలసీలోకి పన్ను మాత్రం రాలేదు!

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. సౌందర్య చికిత్సలకు డబ్బివ్వమనే ప్రామాణిక నిబంధనను 2019లో బీమా నియంత్రణ సంస్థే రాసింది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సరు తరువాత రూపం సరిదిద్దే చికిత్సలకు అందులో మినహాయింపు ఉంది. ఆ మూడింటి పక్కన "ఫ్లోరోసిస్" అన్న ఒక్క మాట చేర్చమంటున్నాను. మా జిల్లా పళ్ళకు తగిలిన రాయి నేలలోనే ఉంది. దాన్ని మేమెవ్వరం ఏరుకోలేదు.

ఏమంటారు మిత్రులారా?