నవ్వించే ఆడది గయ్యాళే కావాలా?

డిగ్రీ చదువుతున్న మా మేనకోడలికి టీవీ కామెడీలు రాయాలని పిచ్చి. మొన్న సెలవులకు బోయినపల్లి వచ్చి, నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఒక స్కిట్ చదివి వినిపించింది. భార్య అప్పడాల కర్ర తీస్తుంది, భర్త మంచం కిందికి దూరతాడు. నవ్వొచ్చింది, కాదనను. ‘‘అది సరేనే, ఆమెకేం కావాలట?’’ అని అడిగాను. పిల్ల దగ్గర జవాబు లేదు.

తప్పు దానిది కాదు లెండి, చూసిందే రాసింది. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’లో చాలాకాలం ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టారు. కడుపు నొచ్చేలా నవ్వించారు కూడా. కానీ ఆ చీరల్లో కనబడింది మగవాళ్లు మన గురించి అనుకునేదే గాని, మనం కాదు.

టీవీలో ఎన్నిసార్లు వేసినా నేను వదలకుండా చూసేది ‘చంటబ్బాయి’లో శ్రీలక్ష్మిని. 1986లో జంధ్యాల గారు తీసిన సినిమా. తన కవితలు పత్రికలో పడాలని ఎడిటరును పట్టుకుని పీడిస్తుంది, పైగా తన ప్రయోగాల వంటలు తినిపిస్తుంది. పగలబడి నవ్వుతాం. అయితే పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ ఎవరికుండదు చెప్పండి? ఈ పేజీకి మొదటిసారి సకినాలు చేసే తీరు రాసి పంపినప్పుడు, వారం వారం పుస్తకం రాగానే వెనకనుంచి తిప్పినదాన్నే నేను! అందుకే ఆమెను చూసి నవ్వుతూనే ఆమె పక్షాన ఉంటాను.

మా పక్క జిల్లా లంబాడిపల్లి గంగవ్వనే చూడండి. బీడీలు చుట్టి, కూలికి పోయి బతికిన మనిషి. ‘మై విలేజ్ షో’ వీడియోలతో పేరొచ్చి, 2020లో ‘బిగ్ బాస్’ దాకా వెళ్లింది. ఆమె తిట్టు మన వాకిట్లో తిట్టే, యాస మన యాసే. ఆ తిట్టు వెనక ఒక బతుకుంది, అందుకే గయ్యాళిలా అనిపించదు.

అసలు రాయాలంటే మా వాడకట్టులోనే ఒక వదిన ఉంది. భర్త దుబాయ్ పోయి ఆరేళ్లు. మధ్యాహ్నం నలుగురం కూడితే ఆయన ఫోన్ మాటలు చేసి చూపిస్తుంది. ‘‘ఆఁ... పైసలు వచ్చె నెల... ఆఁ... బర్రె ఈనిందా... ఆఁ... పిల్లలు తిన్నరా...’’ పిల్లలకన్నా ముందు బర్రెనే అడుగుతాడట! బీడీలు చుట్టేవాళ్లు చాటలు పక్కన పెట్టి మరీ నవ్వుతారు. ఆరోజు మా మేనకోడలు కూడా కూర్చుంది. ‘‘మరి నువ్వేమంటవు అత్తా?’’ అని అడిగింది. వదిన చాటలో ఆకు సర్దుకుంటూ, ‘‘నేనేమంట బిడ్డా, నేను సుత ఆఁ అంట’’ అంది. అందరూ మళ్లీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పిల్ల కూడా నవ్వలేదు.

రాత్రి అన్నాలయ్యాక ఆ అప్పడాల కర్ర కాగితం చింపేసి కొత్తది మొదలుపెట్టింది. ‘‘అడగకుండా రాయొద్దు, ఆమె బతుకది’’ అన్నాను. పొద్దున్నే వెళ్లి అడిగింది. వదిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. చివరికి, ‘‘రాస్కో. గని నా లెక్క నల్లగున్నదాన్నే పెట్టుమను. తెల్లగున్నదాన్ని పెడితె, ఆడ టీవీల చూసి మా ఆయన గుర్తువట్టడు’’ అందట.