పాత కరెంటుకు కొత్త బిల్లు: సర్దుబాటు లెక్క ఏడాదిలోగా తేల్చాలి



మీ కరెంటు బిల్లు ఒకసారి తీసి చూడండి. వాడిన యూనిట్ల ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, విద్యుత్ సుంకంతో పాటు ఎఫ్‌పీపీసీఏ అని మరో పద్దు ఉంటుంది. విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ముందుగా వేసుకున్న అంచనాకు మించి డబ్బు పెట్టి కరెంటు కొంటే, ఆ తేడాను ఈ పేరుతో మన దగ్గర రాబడతాయి. జనం నోట ఇది సర్దుబాటు ఛార్జీ.

బొగ్గు ధర పెరిగితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. దాన్ని మేం కాదనడం లేదు. మా అభ్యంతరమల్లా ఆలస్యం మీదే. 2022–23లో వాడిన కరెంటుకు సుమారు రూ. 6,072 కోట్ల సర్దుబాటును ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించింది 2024 అక్టోబరులో! ఈలోగా ఎన్ని కుటుంబాలు ఇళ్లు మారి ఉంటాయి? ఛార్జీ మాత్రం మీటరునే అంటిపెట్టుకుని ఉంటుంది. ముందున్నవాళ్లు తిప్పుకున్న ఏసీకి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు కడతారు. పిండిమర నడుపుకునే మనిషి రెండేళ్ల కిందట ఆడించి ఇచ్చిన పిండికి ఇప్పుడు ఎవరిని అదనంగా అడగగలడు?

2021లో ఇంకా అన్యాయం జరిగింది. 2014–19 నాటి ట్రూ అప్ (అంచనాకు, అసలు ఖర్చుకు మధ్య తేడా) కింద రూ. 3,669 కోట్ల వసూలుకు ఆ ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది, బిల్లుల్లోకీ ఎక్కింది. వినియోగదారులకు బహిరంగ ప్రకటన ఇవ్వలేదన్న అభ్యంతరం లేచాక మండలే దాన్ని వెనక్కి తీసుకుని విచారణ మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే అది అప్పటికి ఆగింది.

చట్టంలో మనకు చోటు లేకపోలేదు. ధరల ప్రతిపాదనలను ప్రజల ముందు పెట్టాలనీ, అభ్యంతరాలను పరిశీలించాకే ఉత్తర్వు ఇవ్వాలనీ 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ చెబుతోంది. మండలి పారదర్శకంగా పనిచేయాలని 86వ సెక్షన్ అంటోంది. ఛార్జీల భారం తగ్గించాలనుకుంటే ప్రభుత్వం ఆ సబ్సిడీ సొమ్మును ముందే చెల్లించాలని 65వ సెక్షన్‌లో ఉంది. కరెంటు ఛార్జీల పెంపు మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ప్రాణాలే పోయాయి. అంతటి విషయాన్ని వందల పేజీల ఇంగ్లీషు పట్టికల్లో దాచిపెడితే సామాన్యుడికి అందులో ఏం తెలుస్తుంది?

అందుకే మా డిమాండ్ ఇది. ఏ ఏడాది సర్దుబాటు లెక్కనైనా ఆ మరుసటి ఏడాదిలోగా తేల్చేయాలి. గడువు దాటాక దాఖలు చేసిన మొత్తాన్ని మన బిల్లుల్లో వేయకూడదు, ఆలస్యం చేసిన డిస్కమే భరించాలి. కరెంటును ఏ కేంద్రం నుంచి, ఏ ధరకు, ఎందుకు అంచనా మించి కొన్నారో తెలుగులో నాలుగు పేజీల్లో రాసి ప్రతి సబ్‌డివిజన్ ఆఫీసులో పెట్టాలి. బహిరంగ విచారణలు అన్ని జిల్లా కేంద్రాల్లోనూ జరగాలి. శ్రీకాకుళం రైతు తన మాట చెప్పుకోవడానికి విశాఖ దాకా బస్సెక్కే అవసరం ఉండకూడదు.

వచ్చే ఆర్థిక సంవత్సరపు ఛార్జీల ప్రతిపాదనలు మండలికి చేరే సమయం నవంబరు ఆఖరు. తర్వాత అభ్యంతరాలకు గడువిస్తూ పత్రికల్లో ప్రకటన వస్తుంది. దానికోసం కనిపెట్టుకుని ఉండండి. అభ్యంతరం చెప్పడానికి వకీలు అక్కర్లేదు, తెలుగులో ఉత్తరం రాస్తే చాలు. సర్వీసు నంబరు వేసి, మీ బిల్లు నకలు జతచేసి, మండలి కార్యదర్శికి ఒకటి, మీ డిస్కంకు ఒకటి పంపండి. మరేమీ రాయకపోయినా ఈ ఒక్క మాట రాయండి: "ఏడాదిలోగా తేల్చని సర్దుబాటును మా బిల్లులో వేయవద్దు."